పలచటి టీ

గురువారం మధ్యాహ్నం మూడున్నరకి నర్సు హెలెన్ డైనింగ్ హాల్లోకి గబగబా వచ్చి, "ఫ్రేజర్ గారు ఏమన్నా తాగారా? ఎవరన్నా ఏమన్నా ఇచ్చారా?" అని అడిగింది. రూపవతి చేతిలో ఉన్న పింగాణీ ప్లేట్లు ఒకదానికొకటి తగిలి టకటకలాడాయి.

"లేదు," అంది రూపవతి.

ఆలోచించి అన్న మాట కాదది. భయానికి నోరు దానంతట అదే అనేసింది. హెలెన్ వెనక్కి పరిగెత్తింది. పది నిమిషాల్లో అంబులెన్స్ వచ్చింది. స్ట్రెచర్ మీద ఫ్రేజర్ గారి పెదవులు నీలంగా ఉన్నాయి. ఆయన ఊపిరి ఈల వేస్తున్నట్టు వినబడుతోంది.

పాలకొల్లు పక్క పల్లె నుంచి కెనడాలో హామిల్టన్ కాలేజీకి వచ్చి రూపవతికి ఏడు నెలలైంది. ఆ ఏడాది ఎక్కడ చూసినా మన పిల్లలే. ఒక్క బేస్‌మెంట్‌లో ఆరుగురు ఆడపిల్లలు. ఒక్క కాఫీ షాపు ఉద్యోగానికి వీధి మలుపు దాకా క్యూ. నూటికి పైగా చోట్ల రెజ్యూమె ఇచ్చినా రాని పని, చర్చి పెద్ద సంతోషం అంకుల్ రికమెండ్ చేస్తే ఈ వృద్ధుల హోమ్‌లో దొరికింది. భోజనాలు పెట్టడం, టీలు అందించడం, గిన్నెలు కడగడం.

ఫ్రేజర్ గారు ఒకప్పుడు ఉక్కు కర్మాగారంలో పనిచేసిన మనిషి. పక్షవాతం వచ్చాక మింగడం కష్టమైంది. అలాంటివాళ్ళకి నీళ్ళైనా, టీ అయినా పొడి కలిపి గంజిలా చిక్కగా చేసే ఇవ్వాలి. పలచగా ఇస్తే గొంతు దిగకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ సంగతి రూపవతికి మొదటి రోజే నేర్పారు, కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు.

పనిలోకి దిగే ముందు కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసుకోవడం ఆమెకు అలవాటు. ఒకరోజు అది చూసి ఫ్రేజర్ గారు, "నాకోసం కూడా ఒక మాట చెప్పమ్మా," అన్నాడు. అప్పట్నించి రోజూ టీకి ముందు ఆయన చెయ్యి పట్టుకుని అర నిమిషం ప్రార్థించేది. ఆ అర నిమిషం కోసం ఆయన ఎదురుచూసేవాడు.

ఆ గురువారం ప్రార్థన అయ్యాక ఆయన చెయ్యి వదల్లేదు. "ఆ జిగురు వద్దు. ఒక్కసారి మామూలు టీ. రెండు గుక్కలు చాలు," అన్నాడు. ముసలి కళ్ళు తడయ్యాయి. టీ బండి ఆయన గది గుమ్మం దగ్గరే ఉంది. ఆ రోజు బండి డ్యూటీ పద్మినిది. ఆమె పక్క గదిలో ఎవరికో బిస్కెట్ ఇస్తోంది. దాహమన్న మనిషికి రెండు గుక్కలివ్వడం తప్పెలా అవుతుందనుకుంది రూపవతి. కప్పులో సగానికి పైగా పోసి ఆయన చేతికిచ్చింది.

ఆయన రెండుసార్లు దగ్గి, నవ్వాడు. ఏం కాలేదనుకుని ఆమె ప్లేట్లు తీయడానికి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున్న పద్మిని లాకర్‌లోంచి తన బూట్లు, డబ్బా తీసి సంచిలో పెట్టుకుంటోంది. పద్మినిది కరీంనగర్. పీఆర్‌కి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతికి, అప్లై చేసి రెండేళ్ళుగా చూస్తోంది. ఆ ఫైలు ముందుకు కదలాలంటే ఈ ఉద్యోగం ఉండాలి.

"ఆయన పక్కన ఖాళీ కప్పు దొరికిందంట. బండి నాది కదా, ఎంక్వైరీ అయ్యేదాక రావొద్దన్నరు," అంది పద్మిని. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "నేనియ్యలే రూపా. నా పిల్లల మీద ఒట్టు. నువ్వన్న చూసినవా, ఎవరిచ్చిన్రో?"

"చూళ్ళేదక్కా," అంది రూపవతి.

ఆ రోజంతా ఫోన్ మోగినప్పుడల్లా ఆమె నంబరు చూసి గాని తీసేది కాదు. ఉద్యోగం పోతుంది. కేసవుతుంది. స్టడీ పర్మిట్ రద్దవుతుంది. ఆయన చచ్చిపోతే? ఆ ఆలోచన దగ్గరకు రాగానే లేచి నిలబడేది, మళ్ళీ కూర్చునేది. ప్రార్థించబోతే మాటలు రాలేదు. కళ్ళు మూసుకుంటే ఆయన చెయ్యే తగులుతోంది.

ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. రొట్టె పళ్ళెం వరసలో ఆమె దాకా వచ్చింది. తప్పు దాచుకున్న చెయ్యి ముందుకు సాగలేదు. పళ్ళెం పక్కావిడకి అందించేసింది.

సంతోషం అంకుల్ అది చూశారు. ఇంటికి దింపుతూ కారులో అడిగారు. "ఏమైందమ్మా? బల్లలో రొట్టె తీసుకోలేదేం?"

ఆమె మొత్తం చెప్పేసింది. ఆయన కారు రోడ్డు పక్కకి తీసి ఆపారు.

"ఇంకెవరికన్నా చెప్పావా?"

"లేదండి."

"చెప్పకు. దేవుడు క్షమిస్తాడు, ఇమిగ్రేషన్ వాళ్ళు క్షమించరు. నేనేగా నిన్ను అక్కడ పెట్టించింది? రేపొద్దున్న మన పిల్లల్ని ఎవరినన్నా తీసుకుంటారా వాళ్ళు?"

"మరి పద్మినక్కో, అంకుల్?"

"ఆవిడ తప్పు చెయ్యలేదుగా. తేలిపోతుందిలే."

"ఎలా తేలుద్దండి, నేను చెప్పకపోతే?"

ఆయన కారు మళ్ళీ స్టార్ట్ చేశారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనా భయపడుతున్నారని రూపవతికి అప్పుడు అర్థమైంది. ఆమె భయం రెట్టింపైంది.

సోమవారం ఉదయం బస్సు దిగి, హోమ్ ముందు మంచులో పావుగంట నిలబడింది. రెండుసార్లు వెనక్కి తిరిగింది. మూడోసారి తిరిగితే ఇక లోపలికి వెళ్ళలేనని తెలిసి తలుపు తోసింది. మేనేజర్ డెబ్రా గది తలుపు తట్టి లోపలికి వెళ్ళింది.

"ఆ టీ నేనిచ్చాను," అంది, కూర్చోకుండానే. "పద్మిని కాదు. నర్సు అడిగితే లేదని అబద్ధం చెప్పాను."

డెబ్రా కలం కింద పెట్టింది. "ఎంత తాగారు?"

"సగం కప్పు. కొంచెం ఎక్కువే ఉండొచ్చు."

డెబ్రా ఆమెని తిట్టలేదు. ఫోన్ తీసి ఆసుపత్రికి చేసి, టీ అని, సగం కప్పని, టైముతో సహా చెప్పింది. పెట్టేశాక అంది, "డాక్టర్లు గురువారం నుంచి ఇదే అడుగుతున్నారు, రూపా."

ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది. తన గురించీ పద్మిని గురించీ భయపడింది కానీ, ఆ అబద్ధం ఆసుపత్రిలో ఫ్రేజర్ గారి మంచం దాకా వెళ్ళి వైద్యానికి అడ్డుపడిందని ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా తట్టలేదు. గోడ పట్టుకుని ఏడ్చింది.

ఉద్యోగం పోయింది. ఉత్తరంలో కారణం స్పష్టంగా రాశారు. కేసు కాలేదు. పని పోయినంత మాత్రాన స్టడీ పర్మిట్ పోదని కాలేజీలో సలహాదారు చెప్పింది. అది నమ్మడానికి రూపవతికి ఆమెతో రెండుసార్లు చెప్పించుకోవాల్సి వచ్చింది.

పద్మినిని మర్నాడే పనిలోకి పిలిచారు. ఆ సాయంత్రం ఆమె నుంచి ఫోన్ వచ్చింది. థాంక్స్ చెప్తుందేమోనని రూపవతి మనసులో ఒక మూల ఆశపడింది.

"లాకర్ కాడ నన్ను కళ్ళల్ల చూస్కుంట అబద్ధం చెప్పినవ్ గదా. నాలుగు దినాలు నా ఇంట్ల పొయ్యి ఎట్ల వెలిగిందో తెలుసా నీకు?"

"తప్పయిపోయిందక్కా."

"ముసలాయనకి జ్వరం తగ్గిందంట," అని పద్మిని పెట్టేసింది.

మూడు వారాలకి ఫ్రేజర్ గారు హోమ్‌కి తిరిగొచ్చాడు, మాట సగం పోయి. రూపవతికి లోపలికి అనుమతి లేదు. ఆమె ఒప్పుకున్న తర్వాతి ఆదివారం నుంచి సంతోషం అంకుల్ కారు ఆమె ఇంటి ముందు ఆగలేదు. రెండు బస్సులు మారి చర్చికి వెళ్ళడం మొదలుపెట్టింది.

మార్చిలో పక్క ఊరు బర్లింగ్టన్ దారిలో ఉన్న ఒక బేకరీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. పిండి మరకల ఆప్రాన్‌తో ఒక పెద్దావిడ ఎదురుగా కూర్చుని రెజ్యూమె తిప్పింది.

"వృద్ధుల హోమ్‌లో ఎందుకు మానేశావు?"

చదువు ఒత్తిడని చెప్పొచ్చు. దూరమని చెప్పొచ్చు. ఆవిడ ఫోన్ చేసి కనుక్కోకపోనూ వచ్చు. రూపవతి బల్ల కింద రెండు చేతులూ గట్టిగా కలిపి పట్టుకుంది.

"మానలేదండి, తీసేశారు," అంది. "ఎందుకో చెప్తాను."

చెప్పింది. ఆవిడ మధ్యలో ఆపలేదు. చివర్లో కాగితం మీద ఏదో రాసుకుని, "ఫోన్ చేస్తాం," అంది.

పదకొండు రోజులు ఫోన్ రాలేదు. పన్నెండో రోజు వచ్చింది. ట్రేలు కడిగే పని, వారానికి మూడు రోజులు, మొదటి నెలంతా ఎవరో ఒకరు పక్కనే ఉండి చూస్తారట. సరేనంది.