సలహా గదిలో ఎదుటి కుర్చీ

నేను ఒక కుర్చీని. నామీద కూర్చున్నవాళ్ళకు చదువు అచ్చిరాదని వరండా చివర జిరాక్సులు తీసే సుంకులమ్మ కనబడినవాళ్ళతోనల్లా అంటోందట. ఆ మాటను మా అటెండరు మోసుకొచ్చి గదిలో దులిపిపోయాడు. కాదందామంటే నాకు నోరు రావడం లేదు.

పుట్టుకతో వేపచెక్కను. యూనివర్సిటీ వడ్రంగి షెడ్డులో చిత్రిక పట్టి మొదట పరీక్షల హాల్లో వేశారు. అక్కడ కాపీ కొట్టేవాళ్ళ చెమట తాగి నలుపెక్కాక, ఈ గణాంక సలహా కేంద్రానికి తెచ్చారు. పరిశోధన చేసే పిల్లలు తమ లెక్కలు తెచ్చి నామీద కూర్చుంటారు. వాటిలో ఏ నిజం తేలుతుందో, ఏది తేలదో ఎదురుగా వకుళ మేడమ్ చెబుతుంది.

ఓబులమ్మ కూడా అలాగే వచ్చింది. కొత్త రకం వేరుశనగ కరువుకు తట్టుకుంటుందా అన్నది ఆమె పరిశోధన. కొత్త విత్తనమంతా ఎర్రనేలలో, పాతదంతా నల్లరేగడిలో వేసి ఏళ్ళ తరబడి పండించింది.

"ఈ దిగుబడి తేడా విత్తనానిదా, నేలదా? ఎట్లా విడదీసేది తల్లీ? రెండు నేలల్లోనూ రెండు రకాలూ వేయాల్సింది. విత్తకముందే రావాల్సింది," అంది మేడమ్ మెల్లగా.

"ఇంకేమన్నా దోవ ఉందేమో చూడండి మేడమ్. ఈ ఏడుతో స్కాలర్‌షిప్పు సరి."

మేడమ్ తల అడ్డంగా ఊపింది. ఓబులమ్మ ఏడవలేదు. నా చేతులను బిగించి పట్టుకుని లేచింది. ఆ పట్టు నాకింకా తెలుస్తూనే ఉంది.

అటు తర్వాత, కేంద్రం పనికొస్తోందో లేదో తేల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. డాక్టరేటు వచ్చినవాళ్ళు మిఠాయి పొట్లంతో వచ్చి దండం పెట్టిపోవడం మా గది ఆచారం. మా కేంద్రం హెడ్డు శేషఫణి గారు ఆ వచ్చినవాళ్ళనే అడిగారు. అంతా మీ చలవేనన్నారు అందరూ. ఊరికంతటికీ లెక్క నేర్పే మనిషికి, నోట్లో మిఠాయి ఉన్నప్పుడు తన లెక్క గుర్తురాలేదు.

"తిరిగి రానివాళ్ళను అడగకుండా ఏం తేలుస్తాం సార్?" అని వకుళ మేడమ్ పట్టుబట్టి ఓబులమ్మను పిలిపించింది. ఆమె పరిశోధన వదిలేసి విత్తనాల కొట్లో పనికి కుదిరిందట. వచ్చి నా అంచున కూర్చుంది, ఎంతోసేపు ఉండదలచుకోనట్టు.

"నువ్వు కాస్త ముందుగా వచ్చుంటే మా సలహా అక్కరకొచ్చేదే కదమ్మా?" అన్నారు హెడ్డు గారు.

"విత్తకముందే వస్తి సార్. మీరే వాకిట్లో నిలబెట్టి, లెక్కల్లేకుండా వస్తే ఏం చూడాల, పంట కోసినాక రాపో అంటిరి."