నాలుగు బోల్టులు

జలాల్ ఫోను పదకొండు గంటల నలభై నిమిషాలకు మోగింది. చేసింది భార్య నస్రీన్. ఇంట్లో ఇద్దరూ ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. కుట్టు దుకాణం నుంచి చేసినప్పుడు మాత్రం, పక్కన తనతో పాటు కుట్టే బాలమణి ఉంటుంది కాబట్టి, ఆమె తెలుగులో మాట్లాడుతుంది. ఆ రోజూ అలవాటు కొద్దీ తెలుగులోనే మాట్లాడింది.

"బాలమణి కింద పడ్డది. లేపితే లేస్తలేదు. నాకు తల తిరుగుతుంది. సుశీలక్క ఫోను ఎత్తుతలేదు. నువ్వు జల్ది రా."

"జనరేటర్ ఏడున్నది?"

"గీడనే. లోపలనే."

ముందు దాన్ని ఆపమని జలాల్ ఉర్దూలో అరిచాడు. "బంద్ కరో! పహలే ఉసే బంద్ కరో!"

"చేస్త," అంది నస్రీన్. ఫోను కింద పెట్టిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత వినపడింది ఇంజను చప్పుడే. అది ఆగలేదు.

అది 2011 సెప్టెంబరు 29, తెలంగాణ రాష్ట్రం కోసం జరుగుతున్న సకల జనుల సమ్మె పదిహేడో రోజు. బొగ్గు గనులు ఆగిపోయి కరెంటు పగలు నాలుగు గంటలకు మించి రావడం లేదు. ఆ రోజు సిద్దిపేటలో బంద్. బతుకమ్మకు ఇవ్వాల్సిన జాకెట్లు సుశీల కుట్టు దుకాణంలో అరవై దాకా మిగిలి ఉన్నాయి.

బంద్ నాడు పని ఆపలేని దుకాణాల వాళ్లకు ఒక పద్ధతి ఉంది. పనివాళ్లను లోపల ఉంచి షట్టరు దించి బయట తాళం వేస్తారు. తాళం కనపడితే ఎవరూ తట్టరు. ఉదయం తొమ్మిదికి నస్రీన్‌నూ బాలమణినీ లోపల ఉంచి సుశీల అలాగే తాళం వేసింది. ఆ తర్వాత హైవే మీద వంటావార్పుకు, అంటే రోడ్డు మీదే వండి తింటూ చేసే నిరసనకు, పోయింది. మహిళల తరఫున అక్కడ వంట చూసేది ఆమే.

జనరేటర్ ఎప్పుడూ బయట మురుగుకాలవ మీద పరిచిన మోరీ బండ మీద ఉండేది. సోమవారం దాని చప్పుడు విని, సమ్మె నడిపే జేఏసీ వాళ్లు వచ్చి తిట్టిపోయారు. అందుకని ఈసారి దాన్ని లోపలికి జరిపించి, వెనక గోడ దగ్గర పెట్టించింది. దుకాణం ఉన్న ఆ ఒంటి గది ముల్గికి వెనక తలుపు లేదు. కిటికీ లేదు.

జలాల్‌ది షట్టర్ల పని. ఆ షట్టరు తాళాలు బిగించింది కూడా అతనే. ఏడాది కిందట ఆ బజారులో రెండు దొంగతనాలు జరిగితే, తాళాల చుట్టూ ఉక్కు రేకుతో డబ్బాలు కట్టించుకున్న పదకొండు మందిలో సుశీల ఒకతె. తాళంచెవి కింది నుంచి మాత్రమే పోతుంది. రంపం పట్టదు. గడ్డపార మొన దూరదు. "గ్రైండర్ ఉంటే తప్ప ఎవ్వడు తియ్యలేడక్కా," అని అప్పుడు ఆమెకు చెప్పాడు.

అతని దుకాణంలో గ్రైండర్లు రెండు ఉన్నాయి. ఒకటి వైరుది. కరెంటు లేదు. రెండోది బ్యాటరీది, పాత కంపెనీది. దాని బ్యాటరీలు ఇప్పుడు దుబ్బాకలో ఉన్నాయి.

ఎనిమిదేళ్లు ఆ కంపెనీ సామానే వాడాడు. బ్యాటరీలు బలం తగ్గాయి. కొత్తవి హైదరాబాదులో దొరకడం లేదన్నారు. పది రోజుల కిందట వేరే కంపెనీకి మారాడు. పాత డ్రిల్లునూ చార్జరునూ రెండు బ్యాటరీలనూ దుబ్బాక వడ్రంగి కొనుక్కుపోయాడు. గ్రైండర్ వద్దన్నాడు. కొత్త కంపెనీ ఎర్ర డ్రిల్లు వచ్చింది. దాని జత గ్రైండర్ ట్రాన్స్‌పోర్టులో ఉంది. సమ్మె వల్ల లారీ రాలేదు.

ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషనుకు పట్టదు. జలాల్‌కు అది తెలుసు. అయినా ఎర్ర బ్యాటరీని పాత గ్రైండర్ అడుగున పెట్టి అరచేత్తో రెండుసార్లు కొట్టాడు. గాడి కలవలేదు. గ్రైండర్‌ను వదిలేసి, డ్రిల్లూ దానికి బిగించే ములుకుల డబ్బా తీసుకుని బండెక్కాడు. రెండో ఎర్ర బ్యాటరీ చార్జరు మీద ఉంది. రాత్రి పెట్టాడు, అరగంటకే కరెంటు పోయింది. అది ఎక్కి ఉండదనుకుని దాన్ని ముట్టుకోలేదు.

పదకొండు నలభై ఎనిమిదికి షట్టరు ముందు ఉన్నాడు. లోపల ఇంజను నడుస్తోంది. పేరు పెట్టి పిలిచాడు. షట్టరు తట్టాడు. జవాబు లేదు.

తాళం కొండీ, దాని మీది డబ్బా కలిసి షట్టరు అడుగు పట్టీకి రెండు బోల్టులతో బిగించి ఉంటాయి. షట్టరుకు రెండు పక్కలా ఒక్కో తాళం, పక్కకు రెండు బోల్టులు, మొత్తం నాలుగు. పానా పట్టకుండా వాటి తలలు అరగదీసి పైన రంగు వేసింది అతనే. అవి ఎక్కడున్నాయో వేలితో తడిమి పట్టుకున్నాడు. డ్రిల్లు మీద చార్జింగ్ చూపే దీపాలు నాలుగుంటాయి. రెండు వెలిగాయి.

నేల మీద బోర్లా పడుకుని మొదటి బోల్టులో ములుకు దించాడు. తల ఊడటానికి రెండు నిమిషాలు పట్టింది. రెండో దాంట్లో సగం దూరాక వెనక నుంచి కాళ్ల చప్పుడు వచ్చింది. పది మంది దాకా ఉన్నారు. ముందున్నది మల్లేశం. విత్తనాల దుకాణం అతనిది. బజారులో బంద్ చూసే బాధ్యత జేఏసీ అతనికి ఇచ్చింది.

"ఏంది జలాలూ, బంద్ నాడు షట్టర్ లేపుతున్నవ్? బతుకమ్మ జాకెట్టు నీగ్గూడ కావాల్నా?"

వెనక ఇద్దరు నవ్వారు. జలాల్ డ్రిల్లు ఆపలేదు.

"లోపల మనుషులున్నరు మల్లేశన్నా."

"తాళం బయట ఉన్నది, లోపల మనుషులేంది?"

"నస్రీన్, బాలమణి. జనరేటర్ లోపల నడుస్తుంది. పొగ పట్టి పడిపోయిన్రు."

మల్లేశం షట్టరుకు చెవి పెట్టాడు. నవ్వినవాళ్లు ఆగారు.

"ఎవరు లోపలేసి తాళమేసింది?"

"సుశీలక్క."

"రోడ్డు మీద మనకు అన్నం వండుతుంది గదరా ఆమె!" అన్నాడు వెనక ఒకతను.

"ఆమెను రేపు తిడుదువు. బండి తీస్కొని పో, తాళంచెవి పట్రా," అన్నాడు మల్లేశం. ఇంకొకణ్ని గడ్డపారకు పంపాడు.

రెండో బోల్టు తల ఊడింది. అప్పుడే లోపల ఇంజను ఆగింది.

 నస్రీన్ ఆపిందా, నూనె అయిపోయి ఆగిందా అన్నది జలాల్‌కు తెలియలేదు. పేరు పెట్టి పిలిచాడు. చెవి ఆనించాడు. ఏమీ వినపడలేదు.

"ఆపుండొచ్చు తమ్మీ," అన్నాడు మల్లేశం.

"ఆపితే పలుకుతది గదన్నా."

ఒక మూల వదిలింది. గడ్డపార పెట్టి ఎత్తితే జానెడు సందు వచ్చింది. అందులోంచి వచ్చిన గాలికి దగ్గరున్నవాళ్లు మొహం తిప్పుకున్నారు. జలాల్ తల దూర్చి చూశాడు. చీకట్లో బాలమణి చెయ్యి కనపడింది. నస్రీన్ కనపడలేదు.

మూడో బోల్టుకు వచ్చేసరికి డ్రిల్లు మీద ఒక్క దీపమే ఉంది. ములుకు రెండుసార్లు జారింది. బోల్టు తల ఊడేసరికి ఆ దీపం కొట్టుకోవడం మొదలైంది. నాలుగో దాంట్లో ములుకు చిటికెన వేలి గోరంత దిగింది. డ్రిల్లు ఆగింది. మీట వదిలి మళ్లీ నొక్కాడు. తిరగలేదు.

"ఇగ ఒక్కటే ఉన్నది. గుంజుండ్రి," అన్నాడు.

నలుగురు గడ్డపార మీద బరువు వేశారు. మూడో ఊపుకు బోల్టు తెగింది. షట్టరు పైకి పోయింది. పన్నెండూ అయిదు.

బాలమణి గుమ్మానికి మూడడుగుల దూరంలో ఉంది. నస్రీన్ వెనక గోడ దగ్గర బోర్లా ఉంది. ఒక చెయ్యి జనరేటర్ మీద ఉంది. వేలు స్విచ్ మీదే ఉంది. స్విచ్ ఆఫ్ వైపుకు నొక్కి ఉంది.

ఆటోలో ఇద్దరినీ పడుకోబెట్టారు. వంటావార్పు పొయ్యిల మధ్య నుంచి మల్లేశం బండి మీద ముందు పోతూ దారి చేశాడు. అక్కడే సుశీల ఎదురైంది. పరుగెత్తుకొస్తోంది. చేతిలో తాళంచెవులున్నాయి.

"ఒక్క గంటల వస్త అని చెప్పిన జలాలూ, గంటల వస్త అనే చెప్పిన..."

జలాల్ ఆమె వైపు చూడలేదు. నస్రీన్ ముక్కు దగ్గర వేలు పెట్టుకుని ఉన్నాడు.

దవాఖానలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. బాలమణి ఒంటి గంటకు నీళ్లు అడిగింది. నస్రీన్ కళ్లు తెరవలేదు. డాక్టరును జలాల్ మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆయన చూద్దామన్నాడు.

మూడింటికి నస్రీన్ కళ్లు తెరిచింది. మాట్లాడలేదు. పది నిమిషాల తర్వాత కరెంటు పోయింది. గోడ అవతల దవాఖాన జనరేటర్ మొదలైంది.

నస్రీన్ అతని మణికట్టు పట్టుకుంది. మూతి మీది గొట్టం లాగబోయింది. నర్సు పట్టుకుంది. జలాల్ చెయ్యి విడిపించుకుని బయటికి పోయి చూసి వచ్చాడు.

"బయట ఉన్నది. రేకుల కింద. పొగ పైకి పోతుంది."

నర్సు అవతలికి పోయింది. వాళ్లిద్దరే ఉన్నా, ఇంకా ఆ దుకాణంలోనే ఉన్నట్టు, ఆమె ఉర్దూలో కాదు, తెలుగులోనే అడిగింది. మాట సగమే వచ్చింది.

"తలుపు?"

"తెరిచే ఉన్నది."

"మూసుకపోతది. ఏమన్న అడ్డం పెట్టు."

జలాల్ చుట్టూ చూశాడు. రాయి లేదు, స్టూలు లేదు. ఆటోలోంచి ఎవరో తెచ్చి మంచం కింద పెట్టిన ఎర్ర డ్రిల్లు ఉంది. దాన్ని తలుపుకు అడ్డం పెట్టాడు. కదిపి చూశాడు. మళ్లీ వచ్చి చెయ్యి ఇచ్చాడు. ఆమె పట్టుకుంది. కళ్లు మాత్రం తలుపు మీదే ఉన్నాయి.