కాలువ మడి తోటకూర

మహితా, ఆ చిక్కుడుకాయలు తర్వాత వలుద్దువుగాని, ఇట్లా దగ్గరికి జరుగు. వడమాలపేటలో మా తోడికోడలు చంద్రకాంతమ్మ ఇంట్లో జరిగింది చెబుతాను.

ఆమెకు తోటకూర మళ్ళు రెండుండేవి. బావి దగ్గరి మడికి పేడ ఎరువు, మంచినీళ్ళు. ఆకు చిన్నది, అక్కడక్కడా పురుగు కొట్టిన బెజ్జాలు. అది ఇంటికి. కాలువ పక్క మడికి అద్దకం షెడ్ల రంగునీళ్ళు, మురుగు పారేవి. ఆకు అరచెయ్యంత, నిగనిగలాడేది. అది తిరుపతి మార్కెట్టుకు. ఆ ఆకు మా ఇళ్ళల్లో ఎవరూ నోట పెట్టేవాళ్ళు కాదు, ఎందుకో మగపిల్లలకు మేం చెప్పలేదు.

కోడలు నవీన టౌను పిల్ల. కడుపుతో ఐదో నెలలో రక్తం తక్కువుందని ఆసుపత్రి నర్సమ్మ రోజూ ఆకుకూర తినమంది. బావి మడి ఆకు చూసి నవీన మూతి తిప్పింది.

"ఏందత్తా, పురుగులు తినంగా మిగిలిందా నాకు? పెద్దాకు అమ్ముకుంటారు గానీ కోడలికి పెట్టబుద్ధి కాదే!"

ఆ మాట చంద్రకాంతమ్మకు గుచ్చుకుంది.

"పెద్దాకే కావాల్నా? అట్లే తినమ్మే, కడుపునిండా తిను."

ఆ రోజు నుంచి నవీనకు వేరే చట్టిలో కాలువ మడి కూరే. తనకూ, కొడుకు చక్రధర్‌కూ బావి మడిది.

"వద్దక్కా, కడుపుతో ఉండాది," అన్నాను ఒకసారి.

"నోరు మూసుకో రాఘవమ్మా. అడిగి తింటాండాది."

మూసుకున్నాను.

నవీన వాంతులు చేసుకుంది, పాలిపోయింది. రక్తం పెరగలేదు. ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆకు వల్లే అని డాక్టరు అనలేదు. "ఏ నీళ్ళతో పెంచిన కూర తిన్నారు?" అని మాత్రం అడిగాడు.

"బావి నీళ్ళే సార్," అంది చంద్రకాంతమ్మ. నేను నేల చూశాను. మంచం మీది నవీన మమ్మల్ని చూసింది.

ఇంటికొచ్చిన పదోనాడు నవీన తానే కాలువ మడిలో కోసుకొచ్చి వండింది. అత్త పళ్ళెంలో వడ్డించింది.

"తినత్తా. పెద్దాకు."

"ఆకలి లేదు."

"తినమ్మా, మన మడిదే గదా," అన్నాడు చక్రధర్.

చంద్రకాంతమ్మ చెయ్యి పళ్ళెం దాకా వచ్చి ఆగిపోయింది. నవీన ఆ పళ్ళెం నా ముందుకు జరిపింది.

"పోనీ నువ్వు తిను చిన్నత్తా."

నేనూ ముట్టలేదు.

"అయితే ఇద్దరికీ తెలుసు," అంది నవీన.

మహితా, కూర కొనేటప్పుడు ఆకు ఎంతుందో కాదు, ఏ నీళ్ళు తాగి పెరిగిందో అడుగు. ఇది నీ బిడ్డలకూ చెప్పు. చెప్పేటప్పుడు నా పేరు మాత్రం దాటెయ్యొద్దు.