ఎడమవైపు ఏముంది

ఐసు పెట్టెలో చివరి నీళ్ళ సీసాను ఇరికించి, మూత మీద మోకాలు ఆనించి నొక్కింది జైనబీ. మూత పడింది. పెట్టెను కారు వెనక్కి ఈడ్చి, పక్కన ఖర్జూరాల డబ్బా, టీ ఫ్లాస్కు, పెద్ద మామా మందుల సంచి, దుప్పట్లు సర్దింది. గల్ఫులో, బహ్లా ఊళ్ళో ఆ ఇంటికి పనికి వచ్చి ఏడేళ్ళవుతోంది. ఏ సామాను ఎక్కడ పడుతుందో ఆమె చేతులకే తెలుసు. ఆ ఉదయం చోటు దొరకనిది ఒక్కటే. అది పెద్ద మామా ఒళ్ళో ఉంది. ఆ ఇంటి ముసలి యజమానురాలిని పనివాళ్ళంతా అలాగే పిలుస్తారు.

చిన్న మట్టి కుండ. ఊళ్ళో కుమ్మరి చేసినదే. మూతికి తడిగుడ్డ కట్టి ఉంది. ముసలామె చీకటితోనే జైనబీని లేపి, ఇంటి వెనక తోటలో పారే కాలవ దాకా నడిపించుకుపోయి, గట్టున కూచుని తన చేత్తోనే నీళ్ళు ముంచుకుంది. పెట్టె నిండా ఐసు నీళ్ళుండగా ఈ కుండెందుకో జైనబీకి అర్థం కాలేదు. కొడుకు సాలింకీ అర్థం కాలేదు. వెనక పెడతానని చెయ్యి చాచాడు. ముసలామె రెండు చేతులా కుండను పొదివి పట్టుకుని, "నా ఒళ్ళో ఉంటే నీకేం బరువు?" అంది.

అర్థం కానివి ఇంకా ఉన్నాయి. ఏటా మండుటెండల రోజుల్లో అక్కడెక్కడో దక్షిణాన సలాలాలో తుంపర పడి కొండలు పచ్చబడతాయి. కారున్న ప్రతివాడూ పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని ఆ పచ్చదనం చూడ్డానికి పోతాడు. పెద్ద మామా ఏనాడూ పోలేదు. ఇప్పుడు, కళ్ళు రెండూ పూర్తిగా పోయాక, గుండె బాగాలేదని డాక్టరు వద్దన్నాక, నేనూ వస్తానని మొండికేసింది. విమానం వద్దట, రోడ్డు మీదే పోవాలట. డ్రైవరు వెనక సీటే కావాలట, ఎడమ కిటికీ పక్కనే కూచుంటుందట. చూపు లేని మనిషికి కిటికీ ఎందుకని ఇంటిల్లిపాదీ మొహమొహాలు చూసుకున్నారు.

సాలిం భార్యాపిల్లలతో ముందు కారులో బయల్దేరాడు. బయల్దేరుతూ రెండో కారు డ్రైవరు ఇస్తారి దగ్గరికి వచ్చి, "హైమా ఊరి దాకా ఏమీ లేదు. హైమా దాటాక అసలే లేదు. అమ్మను పడుకోనివ్వండి" అని చెప్పాడు.

ఇస్తారిది జగిత్యాల దగ్గర పల్లె. ఈ దారిలో ఏటా బండి తోలుతున్నాడు. ఆదం ఊరు దాటి, ఖర్జూరపు తోటలు వెనకబడగానే అద్దంలోంచి జైనబీని చూశాడు.

"నువ్వుగూడ జర పండుకో అక్కా. గీ తొవ్వల సూసెటందుకు ఏమున్నది? సలాలా వచ్చెదాంక గిదే."

జైనబీ బయటికి చూసింది. ముందు రోడ్డు, దానికి రెండు పక్కలా నేల, నేల చివర ఆకాశం. కొండ లేదు, గుట్ట లేదు, ఒక ఇల్లయినా లేదు. దేవుడు ఈ భాగం దాకా వచ్చేసరికి అలిసిపోయి చేతులు కడిగేసుకున్నాడేమో అనిపించింది. అనిపించినందుకు చెంపలేసుకుంది.

"ఎడమవైపు ఏముంది?" అంది పెద్ద మామా.

ఈ ప్రశ్న జైనబీకి కొత్త కాదు. సాయంత్రాలు మిద్దె మీద ముసలామెను కూచోబెట్టి వీధిలో ఏముందో చెప్పడం ఆమె డ్యూటీలో భాగమే. వీధిలో పిల్లి తప్ప ఏమీ లేని రోజున జైనబీ పెళ్ళివారిని నడిపించేది. పెళ్ళికొడుక్కి మెల్లకన్ను పెట్టేది. ముసలామె పొట్ట పట్టుకుని నవ్వేది. లేనిది చెప్పడం జైనబీకి పుట్టుకతో వచ్చింది కాదు, గల్ఫుకు వచ్చాక అబ్బింది. మస్కట్‌లో మొదటి ఇంట, కిటికీ లేని గదిలో పడుకుని, రాయచోటి పక్క పల్లెలో ఉన్న కూతురు ఫర్జానాకు ఫోనులో సముద్రం చూపించింది. దూదేకి పరుపులు కుట్టే మొగుడు ఖాదర్‌వలి, స్పాంజి పరుపులొచ్చి పని పోయాక మంచాన పడితే, తాను తినని మాంసం కూరలన్నీ ఆయనకు వర్ణించింది. ఆయన పోయిన కబురు వచ్చిన రోజు కూడా, "నేను బాగుండాను, మీరు ఏడవాకండి" అని చెప్పి ఫోను పెట్టేసి, వంటింట్లో గిన్నెలు తోముతూ ఏడ్చింది. అబద్ధాలాడుతున్నానని ఎప్పుడూ అనుకోలేదు. వాళ్ళు కాస్త నెమ్మదిగా ఉంటారు కదా అనుకునేది.

ఇప్పుడూ అంతే అనుకుంది. పాపం, పచ్చదనం కోసం బయల్దేరిన గుడ్డి మనిషికి పొద్దున్నే 'ఏమీ లేదు' అని ఎలా చెప్పడం? పైగా ఆమెకు వచ్చింది వంటింటి అరబ్బీ. చెట్టుకూ పచ్చకూ చాలాకూ మాటలున్నాయి గానీ, ఈ గులకరాళ్ళ నేలకు ఆమె దగ్గర మాట లేదు.

"చెట్లు, మామా."

ముసలామె మెడ నిలబెట్టింది. "చెట్లా? ఎన్ని?"

"చాలా. పచ్చగా ఉన్నాయి."

ముసలామె సంతోషిస్తుందనుకుంటే, నొసలు ముడేసింది. ఎడమవైపు ఏముందని మళ్ళీ అడిగింది. జైనబీ మళ్ళీ చెట్లే చెప్పింది. నేల ఏ రంగని అడిగింది. పచ్చ రంగని చెప్పింది. "ఇస్తారీ, దారి మార్చావా? సముద్రం వైపు పోతున్నావా?" అని ముసలామె ముందుకు వంగి అడిగింది.

"సీదా మామా, సీదా. ఇంకో తొవ్వే లేదు," అన్నాడు ఇస్తారి.

ముసలామె అద్దం దించమంది. వేడిగాలి మొహానికి కొట్టింది. ఆ గాలిని లోపలికి పీల్చి, పెదాలు తడుపుకుని, "వాసన రాళ్ళ నేలది. మరి చెట్లెక్కడివి?" అంది. "నేను చూసిన తర్వాత వానలు పడ్డాయా?"

"పడ్డాయి మామా," అంది జైనబీ.

చెట్లుంటే ఎందుకు కోపమో ఆమెకు బోధపడలేదు. చెట్లు సరిపోలేదేమోనని మేకల మందను తోలింది. ఒక గుంటలో నీళ్ళు నింపింది. ముసలామె ఒక్కోసారి తల ఊపుతూ, ఒక్కోసారి అడ్డంగా తిప్పుతూ, గొణుక్కుంటూ, కుండ మీద వేళ్ళు బిగించి కూచుంది. కుండ చెమ్మకు ఆమె నల్లటి అబాయా ఒళ్ళో తడిసి అంటుకుపోయింది. జైనబీ మాత్రం కిటికీ వైపు చూడ్డమే మానేసింది. లేనివి చెప్పడానికి చూడాల్సిన పనేముంది?

హైమాలో పెట్రోలు బంకు దగ్గర ఆగారు. సాలిం వచ్చి కిటికీలోకి వంగి, "వచ్చేశాం అమ్మా, హైమా" అన్నాడు.

"హైమా ఎలా వస్తుంది?" అంది ముసలామె.

అతను నవ్వి, ఆమె చేతిలో జ్యూసు డబ్బా పెట్టి వెళ్ళిపోయాడు. ముసలామె డబ్బాను సీటు మీద వదిలేసింది. ఆ మొహం చూస్తే జైనబీకి ఎందుకో భయం వేసింది.

"జైనబ్, హైమా రాకముందే నల్ల నేల అయిపోయి తెల్ల నేల వస్తుంది. అందులో ఒక పల్లం. పల్లంలో మూడు చెట్లు. ఎటు చూసినా ఇంకో చెట్టు లేదు. అక్కడ మా అమ్మ ఉంది. కరువు ఏడాది. నాన్న ఒంటెలతో నీళ్ళకు పోయి వచ్చేలోపు దాహంతో పోయింది. తల దగ్గర ఒక రాయి, కాళ్ళ దగ్గర ఒక రాయి పెట్టాను. తర్వాత నన్ను బహ్లాలో ఇచ్చారు. కాలవ పక్క ఇల్లు. ఇన్నేళ్ళు ఆ నీళ్ళు తాగాను. ఒక్క కుండెడు ఆమెకు పోద్దామని."

"నాకు ముందే చెప్పలేదేం మామా?" అంది జైనబీ.

"నీకు చెబితే సాలింకు చెబుతావు. నీ జీతం వాడి చేతిలో ఉంది, తప్పు పట్టను. వాణ్ణి ఎన్నోసార్లు అడిగాను. అక్కడ ఏమీ లేదమ్మా అంటాడు. నువ్వు మూడు చెట్లు అనగానే బండి ఆపిద్దామనుకున్నాను." ముసలామె ఊపిరి తీసుకుంది. "మిద్దె మీద నువ్వు చెప్పేవి అబద్ధాలని నాకు తెలుసు. అవి బాగుండేవి. ఇక్కడ కూడా చెబుతావనుకోలేదు."

జైనబీ కారు దిగి పరుగెత్తింది. సాలిం కారు అప్పటికే కదులుతోంది. అద్దం మీద కొట్టి, రొప్పుతూ, వెనక్కి పోవాలని, మామా అమ్మ అని, చెట్లని, తనకు వచ్చిన మాటలన్నీ చెప్పింది. అతనికి ఏం అర్థమైందో ఏమో, "వచ్చేటప్పుడు ఆపుదాం" అని చెప్పి ముందుకు పోయాడు.

హైమా దాటాక ముసలామె తలుపు వైపు వాలి కూచుంది. "చెప్పు. ఉన్నది చెప్పు," అంది.

జైనబీ కళ్ళు తుడుచుకుని కిటికీకి మొహం ఆనించింది. "రాళ్ళు మామా. చిన్నవి. నల్లగా... కాదు, టీ రంగు. ఒక టైరు ముక్క. ఇప్పుడు ఇసుక, చపాతీ పిండి రంగు. ఒక ఒంటె. పడుకుంది." మాట లేని చోట చేత్తో ముసలామె అరచేతి మీద గీసి చూపించింది. ఎత్తును కాస్త ఎత్తుగా, పల్లాన్ని కాస్త పల్లంగా. చూస్తూ పోతే నేల ఒక్కలాగా లేదు. మరి పొద్దున్నించీ ఒక్కలాగా ఎందుకు కనపడిందో ఆమెకు తెలియలేదు. చిన్నప్పుడు కడప నుంచి రాయచోటి బస్సులో వస్తుంటే, పట్నపు దంపతులెవరో కిటికీలోంచి చూసి, ఏముంది ఇక్కడ బండలు తప్ప, అనుకున్నారు. ఆ బండల పక్కన ఉన్నది జైనబీ వాళ్ళ వేరుశనగ చేను. చేను గట్టున అవ్వ గోరీ. కనపడలేదా వీళ్ళకు అని ఆ రోజంతా ఉడికిపోయింది. అది గుర్తొచ్చి ఆమెకు ఒళ్ళంతా సిగ్గేసింది.

"తెల్ల మట్టి, మామా. మధ్యలో గడ్డి దుబ్బు. ఎండిపోయింది. పచ్చగా లేదు."

ముసలామె ఊఁ అంది. జైనబీ చెబుతూనే ఉంది. ఒక గుడారం, దాని మీద ఆరేసిన ఎర్ర గుడ్డ. మళ్ళీ రాళ్ళు. కాసేపటికి కుండ పక్కకు ఒరిగింది. నీళ్ళు తొణికి జైనబీ కాలి మీద పడ్డాయి. ఆమె గబుక్కున కుండను పట్టుకుంది. పొద్దున్నించీ ఎవరికీ ఇవ్వని కుండ, అడగకుండానే ఆమె చేతిలోకి వచ్చింది. జైనబీ ముసలామె మొహం చూసి, "అబ్బీ, బండి నిలపు" అంది నెమ్మదిగా.

హైమా ఆసుపత్రికి తిరిగి వచ్చారు. డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు. సాలిం గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మను బహ్లాకే తీసుకుపోదామన్నాడు. కాగితాల పని అయ్యేసరికి ఎండ పసుపుబారింది. అంబులెన్సు ముందు, వెంట సాలిం కారు, వెనక ఇస్తారి. జైనబీ ముసలామె కూచున్న సీటు పక్కనే, తన పాత చోట్లోనే కూచుంది. కుండ ఒళ్ళో పెట్టుకుంది.

దారిలో ఇస్తారికి అంతా చెప్పి, ఆ చెట్ల దగ్గర బండి ఆపమంది.

"ఎంత పని జేస్తివక్కా," అన్నాడు. ముందు పోతున్న కార్లను చూసి, "ఇప్పుడు ఆపితే ఎనుకవడ్తం. సేటు తిడ్తడు."

"తిట్టనీ అబ్బీ. నేను చెప్పుకుంటా. రోంతసేపు నిలపు, సాలు."

ఈసారి కుడివైపు. తెల్ల నేల వచ్చింది. పల్లం వచ్చింది. మూడు చెట్లూ ఉన్నాయి, ముళ్ళ చెట్లు, గొడుగుల్లా పరుచుకుని. పొద్దున ఇక్కడే ఎక్కడో ఆమె మేకల మందను తోలింది. ఇస్తారి బండి ఆపాడు. ఆమె దిగి, కొంగు నోట్లో కుక్కుకుని, పల్లంలోకి నడిచింది. చెట్ల కింద రాళ్ళు. చెట్ల అవతలా రాళ్ళే. తల దగ్గరొకటి కాళ్ళ దగ్గరొకటి ఉన్న జంటలు వెతికితే, ఎటు చూసినా రెండేసి రాళ్ళు జంటలుగానే కనపడుతున్నాయి. ఒంగి ఒకదాన్ని ముట్టుకుంది, ఇదేనేమో అనుకుంది. ఇంకోటి ముట్టుకుంది. పొద్దు వాలుతోంది. అసలు పల్లం ఇదేనా, ముందు ఇంకోటి ఉందా?

"యాడుండావు పెద్దమ్మా?" అని పైకే అడిగింది తెలుగులో. మళ్ళీ అరబ్బీలో అడిగింది.

ఇస్తారి ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. "అన్నీ రాళ్ళేనాయె అక్కా. ఏ రాయి మీద పోస్తవ్?"

జైనబీ మూతిగుడ్డ విప్పి, కుండ వంచబోయి ఆగిపోయింది. పొద్దున్నించీ చెప్పిన అబద్ధాలు చాలు. ఇది గోరీ అని తనకు తాను చెప్పుకుని నీళ్ళు పోయడానికి చెయ్యి ఆడలేదు. మళ్ళీ గుడ్డ కట్టి, మూడు చెట్ల నడుమ నేల చదును చేసి, కుండను కదలకుండా నిలబెట్టింది. నిలబడి దువా చదివింది. ఏ వైపు తిరిగి చదవాలో తెలియక మూడు చెట్ల వైపూ తిరిగింది.

ముందుపోయిన కార్లు కనుచూపు మేరలో లేవు. ఇస్తారి బండి కదిలించాడు. జైనబీ అద్దానికి మొహం ఆనించి, చెట్లు కనపడినంతసేపూ చూసింది.

"కుండ కనవడ్తున్నదా అక్కా?" అన్నాడతను.

"లేదు అబ్బీ," అంది నిజం చెబుతూ.

అక్కడ చెట్ల నడుమ, మట్టి కుండ కావడం వల్ల, చుట్టూ ఉన్న తెల్లటి నేల కాస్త కాస్తగా తడుస్తూ నల్లబడుతోంది.