పెట్రోలు మూత ఎటువైపు

అల్లుడికి కారు నడపడం రాదు. ఒకప్పుడు నేర్చుకోబోయి పక్కింటి గేటుని వాళ్ళ వరండాలోకి తోసి వచ్చాడు. అంతటితో ఆ సరదా తీరిపోయింది. కానీ టీవీ సీరియళ్ళలో పరుగులు పెట్టిన కార్లు మాత్రం అతని గదిలో పదిహేడున్నాయి, ఒక్కొక్కటీ జానెడు పొడుగు. అతని వృత్తి కట్టుడు పళ్ళు చెయ్యడం. డాక్టర్లు పంపిన అచ్చుల మీద మైనంతో చిగుళ్ళు దిద్ది, పళ్ళు పేర్చి, సెట్టు పోసి, నున్నగా అరగదీసి పంపుతాడు. ఇంటికొచ్చాక అదే మైనం, అదే సన్నటి డ్రిల్లు, అదే ఓపిక కార్ల మీదికి మళ్ళుతాయి. వెనక ఎర్ర లైట్లని చిగుళ్ళ రంగు ప్లాస్టిక్కులో కాస్త ఎరుపు కలిపి చేస్తాడన్న రహస్యం భార్యకొక్కదానికే తెలుసు. ఆవిడ దగ్గర రహస్యం దాగదు కాబట్టి వీధి మొత్తానికీ తెలుసు. "ఏదో ఒక రోజు వీటిలో ఒకటి నన్ను చూసి ఇకిలిస్తుంది, చూస్తూ ఉండండి," అంటుందావిడ ఇంటికొచ్చిన వాళ్ళతో.

ఈ పనిలో అతనిది ఒకటే పట్టుదల. తెర మీద ఏం కనిపిస్తే అదే చెయ్యాలి. ఫ్యాక్టరీవాళ్ళు ఆ కారుని ఎలా తయారుచేశారన్నది అతనికి అక్కర్లేదు. సీరియల్లో తలుపు మీద గీత ఉంటే బొమ్మలోనూ గీత ఉండాలి, బంపరు సొట్టపడితే సొట్ట ఉండాలి. కదిలే బొమ్మని ఆపి, రవ్వంత ముందుకి జరిపి, మళ్ళీ ఆపి, భూతద్దంలో చూసి పుస్తకంలో గీసుకుంటాడు. మధ్యలో సొంత తెలివి దూరిస్తే పని చెడుతుందని గట్టి నమ్మకం. ఇంతటి నమ్మకం ఉన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు బోర్లాపడక తప్పదు. ఇతను పడ్డాడు. పడి, ఒక మనిషిని లేపాడు.

పదిహేడు కార్లున్నా, ఆ ఇంట్లో ఉండాల్సిన కారు మాత్రం లేదు. దాని పేరు మిడత. ఆకుపచ్చది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఒక పోలీసు సీరియల్లో హీరో ఎక్కి తిరిగిన కారు అది. హీరో ఎక్కేవాడు, దిగేవాడు, తలుపు వేసేవాడు. గోడల పక్కనుంచీ మెట్ల మీదనుంచీ దాన్ని ఉరికించింది మాత్రం అల్లుడి మామగారు. ఆరేళ్ళు ఊరంతా ఆయన మోచేతిని చూసి హీరోకి చప్పట్లు కొట్టింది.

ఆఖరి భాగం తీస్తున్న రోజున ప్రమాదం జరిగింది. గోదాముల సందు చివర మిడత కుడికి తిరగాలి. దీపాలు పట్టే మనిషి ఎడమ మూల నిలబడాలి. తీరా కారు వెళ్ళి ఆ మనిషిని కొట్టి గోడకి గుద్దుకుంది. అతని తుంటి విరిగింది. మామగారి తలకి దెబ్బ తగిలి, గేరు వేసిన క్షణం నుంచి ఆసుపత్రి పైకప్పు కనబడే దాకా జరిగినదేదీ గుర్తు లేకుండా పోయింది. నెల తర్వాత ఆ భాగం టీవీలో వచ్చింది. గుద్దుకోవడం చూపించలేదు గానీ, అంతవరకూ చూపించారు. వెనకనుంచి తీసిన ఆ రెండు క్షణాల బొమ్మలో మిడత శుభ్రంగా ఎడమకి తిరిగింది. మంచం మీద పడుకుని ఆ బొమ్మ చూసిన మామగారు టీవీ కట్టేయమన్నారు. ఇక ఆ రోజు గురించి ఎవర్నీ ఏమీ అడగలేదు, ఎవరైనా చెప్పబోతే విననూ లేదు.

దెబ్బ తిన్నవాడు పరాయివాడు కాదు. యూనిట్లో అందరూ బల్బు అని పిలిచే ప్రాణ స్నేహితుడు. చేతులారా స్నేహితుణ్ణి కుంటివాణ్ణి చేశానన్న సిగ్గుతో మామగారు అతని మొహం చూడలేకపోయారు. ఈ రోజు కాదు రేపనుకుంటూ ఉండగానే కూతురి పెళ్ళయింది, భార్య పోయింది, ఆయన అల్లుడి ఇంటి మేడగదిలోకి చేరారు. బల్బు అదే ఊళ్ళో, మూడు వీధుల అవతల ఉన్నాడు. ఆ వీధిలోంచి వెళ్తే దగ్గరయ్యే పనికి కూడా మామగారు చుట్టూ తిరిగి వెళ్ళేవారు.

అలాంటిది, ఆ బల్బే ఒక రోజు కర్ర పొడుచుకుంటూ అల్లుడి లాబ్‌కి వచ్చాడు, పళ్ళ సెట్టు కోసం. బల్ల మీద సగం పూర్తయిన కారు బొమ్మ చూసి, "ఇవి చేసేది నువ్వేనా? అయితే నువ్వు వాడి అల్లుడివి," అన్నాడు. అల్లుడు తలూపాడు. బల్బుకి అప్పటికి నోట్లో పళ్ళు లేవు గానీ మాటలకి లోటు లేదు. "మిడతని చేసి పెట్టు. వచ్చే నెల మొదటి శుక్రవారం మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను, ఇక ఇటు రాను. బొమ్మ పూర్తయ్యాక నువ్వు తేవద్దు. మీ మామని తెమ్మను."

భార్య ఈ మాట విని గుండెల మీద చెయ్యేసుకుంది. "ఆ కారు ఊసెత్తితే నాన్న భోజనం దగ్గర్నుంచి లేచిపోతారండీ. తేనెపట్టు మీద రాయి వెయ్యకండి." మళ్ళీ తనే అంది, "కానీ ఇప్పుడు వెళ్ళకపోతే ఇంకెప్పుడు వెళ్తారు? ఆయన ఊరు వదిలిపోతూ అడిగారు. చెయ్యండి. తిట్లు ఇద్దరం పంచుకుందాం."

అల్లుడు మూడు వారాల్లో చేశాడు. ఆ సీరియల్లో ఆఖరి భాగం తప్ప బయట ఎక్కడా దొరకలేదు. అందులో కూడా కారు ఎప్పుడూ ముందునుంచో దుమ్ములోనో కనిపించేది. వెనక భాగం సరిగ్గా తెలిసేది ఆ రెండు క్షణాల బొమ్మలోనే. వెనక అద్దం నిండా దుమ్ము, నంబరు పలక మీద కథ ప్రకారం హీరో పూసిన బురద. ఎడమకి తిరుగుతున్నప్పుడు ఎడమ పక్కన పెట్రోలు మూత గుండ్రంగా మెరిసింది. అల్లుడు దాన్ని ఎడమవైపే పెట్టాడు. ఆవగింజంత మూత. దాని అంచుకే ఒక పూట పట్టింది.

ఆదివారం మధ్యాహ్నం, మేడ మీంచి దిగిన మామగారి ముందు మిడతని పెట్టి, బల్బు అడిగిన మాట ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చెప్పేసి, తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాడు. భార్య వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసింది.

మామగారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. తలుపు మీది గీత చూశారు. బంపరు సొట్ట చూశారు. ఆయన మొహం మెత్తబడుతున్నట్టే ఉంది. అంతలో కారు వెనక వైపుకి వచ్చి, చిటపటలాడారు.

"ఏమయ్యా, పెట్రోలు మూత ఎడమవైపు పెట్టావేం? ఇన్ని కార్లు చేశావు, కళ్ళు ఎక్కడ పెట్టుకుని చేశావ్? మిడతకి మూత కుడివైపు."

తిట్టినా ఊరుకునేవాడే గానీ, పనిని తప్పు పడితే అల్లుడికి ఎక్కడ లేని పౌరుషమూ వస్తుంది. "లేదు మావయ్యగారూ, ఎడమవైపే. టీవీలో చూసే చేశాను."

"నువ్వు టీవీలో చూశావు. నేను ఆరేళ్ళు దగ్గరుండి పోయించాను. నాకే చెబుతావా?"

"నేను సొంతంగా గుండుసూదంత కూడా కల్పించనండీ."

"కల్పించకపోతే మూత దానంతటదే నడిచొచ్చిందా?" మామగారు విసవిసా మేడెక్కి, ఎవరినీ ముట్టనివ్వని అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పడేశారు. సీరియల్ తాలూకు పాత టేపులు. ఇన్నేళ్ళూ పెట్టె కట్టు విప్పని మనిషి, అల్లుడి మీద పంతంతో పటపటా తెంపేశారు. "రెండో భాగం వెయ్యి. పెట్రోలు బంకులో పోట్లాట ఉంటుంది."

అల్లుడి గదిలో టేపులాడించే పాత యంత్రం ఇంకా పనిచేస్తోంది. ముగ్గురూ దాని ముందు కూర్చున్నారు. బంకు వచ్చింది, మిడత వచ్చి ఆగింది, గొట్టం పట్టుకున్న చెయ్యి మూత తిప్పింది. మూత కుడివైపు ఉంది.

"చూశావా?" అన్నారు మామగారు, లోకం గెలిచినట్టు.

అల్లుడు నీరుగారిపోయాడు. అయినా వదల్లేదు. ఆఖరి భాగంలో తను గీసుకున్న చోట ఆపి చూపించాడు. మామగారు అటు చూడనని మొహం తిప్పుకున్నారు గానీ, మూత కోసం చూడక తప్పలేదు. మూత ఎడమవైపు ఉంది. అనుమానానికి తావు లేదు.

"రెండు కార్లు వాడారేమో నాన్నా," అంది కూతురు.

"ఒక్క కారుకే టైర్లు అడుక్కుని వేసుకున్నాం. రెండో కారా!" అని, ఆయనా తెర వైపు అయోమయంగా చూశారు.

అల్లుడు రోజంతా అద్దాలతో పనిచేసేవాడు. నోట్లో పెట్టి వెనక పళ్ళు చూసే బుల్లి అద్దంలో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనబడటం అతనికి అలవాటే. లాబ్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ అద్దాన్ని నమ్మి కుడి పన్ను ఎడమకి పెట్టి తిట్లు తినడమూ మామూలే. అతని చెయ్యి ఆలోచన కంటే ముందే గోడకున్న అద్దాన్ని దించింది. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వేసి, అద్దాన్ని తెరకి ఎదురుగా పట్టుకుని, "మావయ్యగారూ, తెర వైపు కాదు, ఇందులో చూడండి," అన్నాడు.

అద్దంలో మిడత సందు చివరిదాకా వెళ్ళింది. పెట్రోలు మూత కుడివైపు మెరిసింది. కారు కుడికి తిరిగింది.

"మళ్ళీ వెయ్యి," అన్నారు మామగారు. అల్లుడు మళ్ళీ వేశాడు. ఆరుసార్లు వేశాడు. ఆరుసార్లూ మిడత కుడికే తిరిగింది.

"తిరగేసి అతికించారు," అన్నారాయన చివరికి. "దీనికి ముందు దొంగల వ్యాను ఎడమకి పోతుంది. వెనకాల తరిమే కారు కుడికి పోతే చూసేవాళ్ళకి పొసగదు. అందుకని ఫిల్ము తిరగేశారు. అలా చేస్తారు. అందరూ చేస్తారు. ఈ సంగతి నాకు తెలియంది కాదు." ఆయన రెండు చేతులూ ముందుకి చాపి, కనబడని స్టీరింగుని నెమ్మదిగా కుడికి తిప్పారు. "నేను చెప్పినట్టే తిప్పానమ్మా. చెప్పినట్టే తిప్పాను."

కూతురు ఆయన భుజం పట్టుకుని ఏడ్చింది. ఆయన మాత్రం నవ్వారు. అల్లుడికి పెళ్ళయిన ఇన్నేళ్ళలో మామగారి పళ్ళన్నీ ఒకేసారి చూడటం అదే మొదలు. గుండెల మీంచి కొండ దిగినట్టు మనిషి ఒక్కసారిగా తేలికపడటం అతను కళ్ళారా చూశాడు. తన తప్పు వల్ల ఇంత మేలు జరగడం అతని వృత్తిలో ఎన్నడూ లేదు.

"మూత మార్చడానికి ఒక్క రోజు ఇవ్వండి, ఎల్లుండి వెళ్దాం," అన్నాడు.

"మూత మొహం! పద," అన్నారు మామగారు, అప్పటికే చొక్కా గుండీలు పెట్టుకుంటూ. పైది కిందికీ, కిందిది పైకీ పెట్టుకున్నారు. ఎవరూ చెప్పలేదు.

మూడు వీధులూ ఆయన నడిచిన వేగానికి, మిడతని పెట్టెలో పెట్టుకుని వెనక వస్తున్న అల్లుడికి రొప్పు వచ్చింది. బల్బు ఇంట్లో గోడలు ఖాళీగా ఉన్నాయి. నేలంతా కట్టిన అట్టపెట్టెలు. వాటి మధ్య కుర్చీలో, ఒళ్ళో కర్రతో, కొత్త పళ్ళు పెట్టుకుని బల్బు కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో మనిషిని చూసి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

మామగారు బాగున్నావా అని కూడా అనలేదు. "బల్బూ, నేను కుడికే తిప్పానురా," అన్నారు. టేపు సంగతి, మూత సంగతి, అద్దం సంగతి, ఫిల్ము తిరగేసిన సంగతి గుక్కతిప్పుకోకుండా చెప్పారు. అల్లుడి చేతిలోని పెట్టెలోంచి మిడతని లాక్కుని మూత చూపించి మరీ చెప్పారు. బల్బు మధ్యలో అడ్డురాలేదు. అంతా విన్నాక, "నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"కుడికి తిప్పావని. తగిలింది నాకు కదరా, ఎటునుంచి వచ్చిందో నాకు తెలియదా? వైరు చిక్కుకుంటే లాగుదామని నేనే ఎడమ మూల వదిలేసి కుడివైపు పరిగెత్తాను. నీ తప్పేం లేదని అప్పుడే చెప్పి పంపాను."

మామగారు మిడతని అతని చేతిలో పెట్టేశారు. "ఓదార్పుకి అన్నావనుకున్నాను."

"ఓదార్చడానికి నేను మీ అత్తగారినా? వచ్చి అడిగితే పూసగుచ్చినట్టు చెప్పేవాణ్ణి. వస్తావని మంచం మీంచి గుమ్మం కేసి చూస్తూ ఉండేవాణ్ణి. గుమ్మంలో ఎవరి నీడ పడ్డా నువ్వే అనుకునేవాణ్ణి."

మామగారు దగ్గర్లో ఉన్న అట్టపెట్టె మీద కూర్చుండిపోయారు. "ఎలా రాను? తప్పు నాదే అనుకున్నాను కదరా."

బల్బు మిడతని ఒళ్ళో పెట్టుకుని, దాని కప్పు మీద వేలితో మెల్లగా రాశాడు. కోపంగా ఏమీ లేడు. ఎన్నాళ్ళగానో అడగాలనుకున్న మాట తీరిగ్గా అడిగినట్టు అడిగాడు.

"సరేరా. ఎడమకే తిప్పావనుకో. తప్పు నీదే అనుకో. అయితే మాత్రం రాకూడదా?"

దీనికి మామగారి దగ్గర టేపు లేదు, అద్దం లేదు. తల అడ్డంగా ఊపారు, మళ్ళీ నిలువుగా ఊపారు. "రావాల్సింది," అన్నారు. అంతవరకూ నవ్విన మనిషి అప్పుడు చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. అల్లుడు చూపు ఎటు తిప్పుకోవాలో తెలియక, కట్టిన పెట్టెలు లెక్కపెడుతూ నిలబడ్డాడు. ఆ ఏడుపు వింటుంటే అతనికి భయం వెయ్యలేదు. ఇంటి దగ్గర నవ్వినప్పటి కంటే ఇప్పుడే మామగారి బరువు పూర్తిగా దిగిందనిపించింది.

బల్బు కర్ర చాపి, స్నేహితుడి మోకాలి మీద రెండుసార్లు తట్టాడు.

"వచ్చావు కదా," అన్నాడు. "ఆ పెట్టె మీంచి లేచి ఇలా దగ్గరగా కూర్చో. శుక్రవారం దాకా ఉంటాను."