రాతి మీద మొంతెసాల్వో

ఇటలీలోని టురిన్ నగరంలో ఆ స్తంభం కడుతున్న ఏడాది మా నాన్న గౌదెంజియో రవేరా మా కొండ ఊరు మొంతెసాల్వోకి మేయరు. అప్పటిదాకా పాదిరీలు నేరం చేస్తే విచారించేది వాళ్ల కోర్టే. మనిషిని చంపినవాడైనా చర్చిలో దూరితే పోలీసులు గడప తొక్కకూడదు. కొత్త చట్టం ఈ రెండూ తీసేసింది. దాని గుర్తుగా లేపుతున్న రాతి స్తంభం మీద, చట్టాన్ని సమర్థించిన ఊళ్ల పేర్లు చెక్కుతున్నారు. మా ఊరి పేరు పంపింది నాన్నే.

మా బాబాయి డెల్ఫీనోని పొలం గట్టు తగాదాలో పొడిచి చంపినవాడు ఆ చలికాలమంతా మా చర్చిలోనే ఉన్నాడు. ఆదివారం ప్రార్థనకి వెళ్తే బెంచీ మీద కూర్చుని సూప్ తాగుతూ కనిపించేవాడు. నాన్న వాడి ముందునుంచే నడిచి వెళ్లి మోకరిల్లేవాడు. మంచు కరగగానే వాడు కొండ దాటి పారిపోయాడు.

పేరు పంపిన సంగతి తెలిసి మా చర్చి పాదిరీ ఫాదర్ ఎవాసియో ప్రసంగంలో ఒకే మాట అన్నాడు. "ఆ పేరు ఆ రాతి మీద ఉన్నంతకాలం వడగళ్ల మబ్బొచ్చినా ఇక్కడ గంట మోగదు."

గంటలు మోగితే మబ్బు చీలిపోయి వడగళ్లు పడవని మా కొండల్లో అందరి నమ్మకం. ఆ రోజునుంచి జనం పొద్దున్నే ముందు ఆకాశం చూసి, తర్వాత మా ఇంటివైపు చూసేవారు. రొట్టెల కొట్టు ఆవిడ నా చేతికివ్వకుండా రొట్టె బల్ల మీద పెట్టేది.

ద్రాక్ష రంగు తిరుగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం పడమటినుంచి మబ్బు లేచింది. దాని అడుగంతా రాగి రంగు. పిట్టల కూత ఆగిపోయింది. మా కుక్క బల్ల కిందికి దూరి బయటికి రానంది. గంట మోగలేదు. నాన్న టోపీ పెట్టుకుని బయల్దేరితే నేనూ వెనకే వెళ్లాను.

చర్చి ముందు ఊరంతా నిలబడి ఉంది. గంటగోపురం తాళంచెవి పట్టుకుని ఫాదర్ మెట్టు మీద ఉన్నాడు.

"గంట కొట్టించండి ఫాదర్," అన్నాడు నాన్న.

"మీ రాతిని కొట్టమనండి మేయరుగారూ."

వెనక ఎవరో చిన్నగా నవ్వారు. కమ్మరి బత్తిస్తా నాన్న పక్కకొచ్చాడు. "గౌదెంజియో మావా, తీయించేస్తానని ఒక్క మాట అనేద్దూ. నీ నోటి ముత్యాలేం రాలిపోవుగా. నాకున్నది ఆ ఒక్క తోటే."

"డెల్ఫీనో కూడా నాకు ఒక్కడేరా," అన్నాడు నాన్న.

బత్తిస్తా తల దించుకున్నాడు గాని పక్కకి తప్పుకోలేదు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. నేను నాన్న చొక్కా చెయ్యి పట్టుకున్నాను.

"సరే, పేరు తీసెయ్యమని నేనే వెళ్లి అడుగుతాను. కొట్టించండి," అన్నాడు చివరికి.

"మోకాళ్ల మీద చెప్పు," అన్నాడు ఫాదర్.

నాన్న మోకరిల్లి మళ్లీ చెప్పాడు.

గంటలు మోగాయి. అవి మోగుతుండగానే వడగళ్లు పడ్డాయి. ముందు చర్చి పెంకులు పగిలాయి, తర్వాత కొండవాలు మొత్తం తెల్లబడింది. ఫాదర్ తోట కూడా మిగల్లేదు. వాన తెరిపిచ్చాక జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గంట పనిచెయ్యలేదని ఎవరైనా అంటారేమోనని నేను ఎదురుచూశాను.

"ముందే ఒప్పుకుని ఉంటే సరిపోయేది," అన్నాడు బత్తిస్తా, నాన్నవైపు చూడకుండా. ఆ మాటే మెల్లగా అందరి నోళ్లలోకీ పాకింది.

మా పెరటి గోడ చాటున్న తీగలు మాత్రం బతికాయి. తెల్లారి చూస్తే వాటన్నిటినీ ఎవరో మొదలంటా నరికేశారు.

అమ్మ ఒక మొదలు పట్టుకుని చూసింది. "వడగళ్లకి కొడవలెక్కడిది?" అంది. నావైపు తిరిగి, "సామాను సర్దు ఒత్తావియా."

మా బండి వీధిలోంచి వెళ్తుంటే తలుపులన్నీ మూసే ఉన్నాయి. ఊరి పొలిమేర దాకా బత్తిస్తా, ఇంకో ఇద్దరు బండి వెనకే నడిచారు.

టురిన్ చేరిన మర్నాడే నాన్న ఇచ్చిన మాట ప్రకారం స్తంభం దగ్గరికి వెళ్లి అడిగాడు. మేస్త్రీ పరంజా మీదినుంచే చెప్పాడు. "చెక్కేశాం పెద్దాయనా. ఒక్క పేరు చెరిపితే ఆ వైపంతా గుంటలు పడతాయి. కుదరదు."

నాన్న చాలాసేపు తలెత్తి ఆ అక్షరాలు చూశాడు. సంతోషించాడో భయపడ్డాడో నాకు తెలియలేదు.

మేం అక్కడే ఉండిపోయాం. మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే, అమ్మ తన పుట్టింటి ఊరి పేరు చెప్పేది.