తొట్టిలో ఉడుము

తొట్టిలో నీళ్లు మార్చడంతో ఆ ఇంట్లో రోజు మొదలయ్యేది. కోడలు పాచినీళ్లు తోడి పారబోసి, తొట్టి అంచున పేర్చిన ఇటుకల మీద బల్బు వెలిగించి, ఉడికిన గుడ్డు పెట్టేది. నీటి ఉడుము గుడ్డు మింగి ఆ వెచ్చదనంలో సాగిలపడేది.

"నా కొడుక్కి కూడా ఇన్ని సేవలు చెయ్యవే నువ్వు" అనేది అత్తగారు స్టూలు మీంచి.

"ఆయన వడ్డించింది మాట్లాడకుండా తింటే చేస్తాను అత్తయ్యా."

కొడుకు రేవులో డైవరు. నీళ్లలో మునిగి ఓడల అడుగున పగుళ్లకు అతుకులు వేస్తాడు. నాలుగేళ్ల కిందట వలలో చిక్కిన జానెడు ఉడుము పిల్లని టిఫిన్ డబ్బాలో పెట్టుకొచ్చాడు. అప్పట్నుంచీ అక్కడ అతను నీళ్లలో దిగితే ఇక్కడ ఉడుము తొట్టి అడుక్కి దిగేది. అతను తేలితే అదీ తేలేది. పక్కింటి క్రేను డ్రైవరు భార్య, మొగుడిదీ అదే రేవు కనక, దిగిందా లేచిందా అని గోడ మీంచి అడిగి, అది లేచాకే తన పొయ్యి మీద అన్నం పడేసేది. మునిగినప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని డైవరు గట్టిగా చెప్పాడు.

ఆ రోజు తొమ్మిదింటికి మునిగింది. అరగంట దాటి ఎన్నడూ ఉండని జంతువు, పదవుతున్నా లేవలేదు. ముందుకాళ్లతో దేన్నో తోసినట్టు కొట్టుకుంది. తర్వాత బుడగలు ఆగాయి.

"రేవుకి ఫోన్ చెయ్యవే."

"చేశాను. ఎత్తడం లేదు."

"అయితే లాగెయ్ దాన్ని బయటికి."

"ఒక్కసారిగా లాగితే ఆయన దక్కరు అత్తయ్యా."

రోజూ అన్నం దగ్గర అతను చెప్పేదే. పైకి రావడం కూడా పనే, తొందరపడితే ఒంట్లో రక్తం సోడాలా పొంగుతుంది, కొంత లేవాలి, ఆగాలి, మళ్లీ లేవాలి.

ఆమె రెండు చేతులూ దాని పొట్ట కిందికి పోనిచ్చింది. గోళ్లు మణికట్టులో దిగాయి. ఉడుంపట్టు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. బెత్తెడు ఎత్తి ఆగింది.

"మూడు నిమిషాలు" అంది అత్తగారు గడియారం చూసి. "ఇంకా ఎంతసేపే?"

"ఆగండి."

కోడలి మాట ఏనాడూ వినని మనిషి మళ్లీ గడియారం కేసి తిరిగి నిమిషాలు లెక్కపెట్టింది. మరో బెత్తెడు. మళ్లీ ఆగింది. నీళ్లు ఎర్రబడ్డాయి. చివరికి ముక్కు బయటపడి, ఉడుము బుస్సుమని ఊపిరి వదిలింది.

మధ్యాహ్నం అతను కుంటుకుంటూ నడిచొచ్చాడు.

"కాలి మీద గొలుసు పడింది. దాన్ని తోసేలోపు గాలి గొట్టం నలిగిపోయింది. ఎవరో పొట్ట కింద చేతులు పెట్టి లేపారు. తన్నుకుని పైకొద్దామంటే రానివ్వలేదు, ఆపి ఆపి తెచ్చారు." భార్య చేతి కట్టు చూసి ఆ చెయ్యి దగ్గరికి లాక్కున్నాడు.

"అన్నం దగ్గర నీ ఉపన్యాసాలు ఎవరూ వినడం లేదనుకున్నాంరా" అంది తల్లి. "నీ పెళ్లాం వింది."

మర్నాడు అతను బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రోజూ ఆ చప్పుడుకే ఉడుము నీటి అంచుకి జారేది. ఇవాళ నీళ్లకు వీపు తిప్పి, నాలుగు కాళ్లతో ఇటుకని పట్టుకుని ఉంది. కోడలు దాన్నీ, అతన్నీ చూస్తూ నిలబడింది.

గోడ అవతల్నుంచి "దిగిందా?" అని వినిపించింది.

అతను గడప మీద కూర్చుని బూటు తాళ్లు విప్పాడు.

"లేదు వదినా. ఒడ్డు మీద పనేదన్నా ఉందేమో, మీ ఆయన్ని ఒకసారి కనుక్కోమనండి."